రేకుపెట్టెలో డిక్రీ: మన్యంలో భూమి చట్టం, న్యాయసహాయం

మా పెదనాన్న పోయి, దినాలు అయ్యాక ఆయన రేకుపెట్టె తెరిచాం. ఒక పాత పంచె, మూడు శిస్తు రసీదులు, గుడ్డలో చుట్టిన ఒక కాగితం బయటపడ్డాయి. ఆ కాగితం పంచనామా. ఫలానా సర్వే నంబరులోని 3 ఎకరాల 20 సెంట్ల భూమి నుంచి ప్రతివాదిని తొలగించి, పెద్దల సమక్షంలో అర్జీదారుకు స్వాధీనం చేశామని అందులో రాసి ఉంది. కింద రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సంతకం, నలుగురు సాక్షుల వేలిముద్రలు, చివర మా పెదనాన్న వేలిముద్ర.

ఆ కాగితం ప్రకారం భూమి ఆయనదే. కానీ ఆయన చనిపోయిన ఏడాది కూడా ఆ చేలో పొగాకు రెల్లడానికి కూలికి వెళ్లాడు. ఆ 3 ఎకరాల 20 సెంట్లలోనే, తొలగించామని పంచనామాలో రాసిన ఆ గిరిజనేతర కుటుంబం దగ్గరే.

మా ఇంట్లో చదువుకున్న మొదటివాణ్ని నేను. బడిపంతులుగా పనిచేస్తూ కూడా పెదనాన్న ఆ పెట్టెలో ఏం దాచుకున్నాడని ఒక్కసారీ అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సిగ్గే అనుకోండి. మనకు చట్టం లేక భూములు పోయాయని అందరం అంటుంటాం. పాత సంగతులు తవ్వుకుంటూ పోతే నాకు వేరేది కనిపించింది. చట్టం నూరేళ్ల కిందటే వచ్చింది. దాన్ని గూడెం నుంచి కోర్టు గుమ్మం దాకా, కోర్టు గుమ్మం నుంచి తిరిగి చేను గట్టు దాకా మోసే మనిషే రాలేదు.

అసలు కోర్టు మన కొండల్లోకి మొదట ఎలా వచ్చిందో చూడండి. 1879 మార్చిలో రంప ఫితూరీ మొదలైంది. చోడవరం దగ్గర రాజుకుని, గొలుగొండ కొండలకు, భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. కారణాలు చెప్పేటప్పుడు మన పాఠాల్లో చిగురుపన్ను గురించి రాస్తారు. జీలుగు కల్లు మీద మన్సబుదారు వేసిన పన్ను అది. పోలీసుల దౌర్జన్యం గురించీ రాస్తారు. రెండూ నిజమే. మూడో కారణం ఒకటుంది, దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు కొండవాళ్లకు ఉప్పూ గుడ్డా అప్పిచ్చి, వేలిముద్రలు వేయించుకుని, కింద మైదానంలోని కోర్టుల్లో దావాలు వేసేవాళ్లు. సమను వచ్చినా చదివేవాడు లేడు. వాయిదాకు వెళ్లాలంటే ఎన్నో రోజుల నడక. కొండవాడు రాలేదు కాబట్టి షావుకారు చెప్పిందే నిజమని తీర్పు వచ్చేది. కోర్టు భాషలో దాన్ని ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు, అంటే ఏకపక్ష తీర్పు. ఆ డిక్రీ పట్టుకుని బంట్రోతులతో వచ్చి పశువులు తోలుకుపోయేవాళ్లు. అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల సొత్తు పట్టుకుపోయారని జనం చెప్పుకున్న మాట సర్కారు వారి సొంత రాతల్లోనే ఉంది.

అంటే మనవాళ్లకు న్యాయస్థానంతో మొదటి పరిచయం ఇది. తాము లేనిచోట, తమకు తెలియని భాషలో, తమ మీద పడిన తీర్పు. ఆ గూడేల్లో కోర్టు అనే మాటకు పశువులు పోవడం అని అర్థం ఉండి ఉంటుంది. మన పెద్దల్లో కొందరికి ఈనాటికీ కోర్టు కాగితం ముట్టుకోవాలంటే చేతులు వణుకుతాయి. దాన్ని భయం అని తేలికగా తీసిపారేయకూడదని నా అభిప్రాయం. అది ఒక అనుభవం, తాతల నుంచి వచ్చింది.

ఫితూరీని అణిచాక సర్కారు మన్సబుదారును తొలగించి, ముఠాలను నేరుగా ముఠాదార్లతో పరిష్కరించుకుంది. మామూలు కోర్టులు కొండల్లో పనికిరావని దానికి అర్థమైంది. ఏజెన్సీలో కలెక్టరే గవర్నరు ఏజెంటు, ఆయనే న్యాయాధికారి అన్న పద్ధతి గంజాం, విశాఖపట్నం కొండల్లో 1839 నుంచే ఉంది. మెల్లగా మన్యం అంతా అదే ఏర్పాటు కిందికి వచ్చింది. తర్వాత 1924లో వచ్చిన ఏజెన్సీ నిబంధనల ప్రకారం సివిలు దావాలు కూడా రెవెన్యూ అధికారులే విన్నారు.

ఆ వరుసలో భూమికి సంబంధించి మొదటి పెద్ద చట్టం 1917లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం. ఈ పేరు మన పిల్లలకు చెప్పాలి. కొండజాతి మనిషి తన భూమిని కొండజాతి కానివాడికి ఇస్తే, ఏజెంటు ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ బదలాయింపు చెల్లదని ఆ చట్టం అన్నది. అప్పు మీద ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ కోర్టు ఇప్పించకూడదన్నది. చక్రవడ్డీ కుదరదన్నది. 1917లో! అల్లూరి సీతారామరాజు వెంట మన గాం సోదరులు విల్లంబులు పట్టింది 1922లో. అప్పటికే అయిదేళ్లుగా ఈ చట్టం పుస్తకంలో ఉంది.

మరి భూములు ఎందుకు పోయాయి? చట్టం తనంతట తాను కదలదు కాబట్టి. ఎవరో ఒకరు అర్జీ పెట్టాలి. అప్పు ఇచ్చినవాడి మీద అర్జీ పెడితే వచ్చే వానాకాలానికి విత్తనం ఎవరిస్తారు? ఉప్పు ఎవరిస్తారు? 24 వడ్డీకి మించి తీసుకున్నాడని చూపించాలంటే లెక్క కాగితం కావాలి, ఆ లెక్క షావుకారు పుస్తకంలోనే ఉంటుంది. పైగా ఏజెంటు అనుమతి అనే తలుపు ఒకటి తెరిచే ఉంచారు. అనుమతి తెచ్చుకోవడం ఎలాగో తెలిసినవాడు మైదానంవాడే.

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు చూస్తే కథ ఇంకోలా నడిచింది. నైజాంలో గోండులు తరతరాలుగా పోడు కొట్టుకుని, గ్రామాలు కట్టుకుని బతికిన నేలకు పట్టా అనే కాగితం ఒకటి ఉండాలని వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు రైలుబాట వెంటా రోడ్డు వెంటా వచ్చి పట్టాలు చేయించుకున్నారు. సొంత పొలంలో గోండు కౌలుదారు అయ్యాడు, తర్వాత పాలేరు అయ్యాడు. అడవి శాఖ గీతలు గీసి మిగిలినదాన్నీ తీసుకుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నైజాం సర్కారుకు తోచింది. హైమన్‌డార్ఫ్‌ను పంపింది అప్పుడే. ఆయన చెప్పిన తర్వాత గోండులకు, కొలాములకు పెద్దఎత్తున పట్టాలు ఇచ్చారు. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. దాని బదులు 1949లో ఇంకొకటి వచ్చింది.

పట్టాల సంగతి అందరూ చెబుతారు. ఉపాధ్యాయ మిత్రులు గమనించవలసింది అదే కాలంలో జరిగిన ఇంకో పని. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు చదువు చెప్పి, పంతుళ్లుగా తయారుచేసే కేంద్రం పెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్లలో కొందరు బడులకు వెళ్లారు. కొందరు పట్వారీలుగా, చిన్న ఉద్యోగులుగా కచేరీల్లోకి వెళ్లారు. పహాణీలో ఏ గడిలో ఎవరి పేరు రాస్తారో తెలిసిన గోండు మనిషి గూడెంలో ఒకడు ఉండడం అదే మొదలు. నా లెక్కన మన ప్రాంతంలో మొదటి న్యాయసహాయ కేంద్రం అదే. ఆ పేరు ఎవరూ పెట్టలేదు, నల్లకోటు వేసుకున్నవాళ్లు ఎవరూ లేరు. కాగితం చదివే మనిషి ఉన్నాడు, అంతే.

స్వతంత్రం వచ్చింది, రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు వచ్చింది. మన ఏ గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలోకి వస్తాయో 1950లో రాష్ట్రపతి ఉత్తర్వులు చెప్పాయి. అయిదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారంతో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్, 1959లో ఒకటో నంబరుది, ఆ ఏడాది మార్చి 4 నుంచి ఆంధ్ర ఏజెన్సీలో అమలైంది. తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు దాన్ని 1963 డిసెంబరు 1 నుంచి వర్తింపజేశారు. ఈ తేదీలు బట్టీ పట్టమని పిల్లలతో నేను మామూలుగా చెప్పను. ఇవి మాత్రం పట్టమంటాను. ఎందుకో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

1959 రెగ్యులేషన్‌లో కూడా ఏజెంటు అనుమతి అనే పాత తలుపు ఉంది. అది మూసుకున్నది 1970లో. శ్రీకాకుళం కొండల్లో 1967 నుంచి సాగిన గిరిజన పోరాటం సర్కారును కుదిపేశాక, 1970 ఫిబ్రవరి 3 నుంచి సవరణ వచ్చింది. మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటామే, అదే. చాలామంది దాని పేరు చెబుతారు, నినాదం ఇస్తారు, అందులో ఏముందో అడిగితే సగమే చెబుతారు. కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని ఎవరు బదిలీ చేసినా, ఇచ్చేవాడు గిరిజనుడైనా కాకపోయినా, పుచ్చుకునేవాడు షెడ్యూల్డు తెగ మనిషి అయి ఉండాలి. లేదా పూర్తిగా తెగలవాళ్లే సభ్యులుగా ఉన్న సహకార సంఘం అయి ఉండాలి. కాకపోతే ఆ బదిలీ చెల్లదు. అంటే గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడమూ కుదరదు. కొనే గిరిజనుడు దొరకకపోతే సర్కారుకు అప్పజెప్పమని అర్జీ పెట్టుకోవచ్చు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, దానం, మారకం, ఆఖరికి భూమి గురించి చేసుకునే ఒప్పందం కూడా అందులోకే వస్తుంది. వీలునామా ఒక్కటి మినహాయింపు. “నేను అమ్మలేదు సార్, మూడేళ్లకు కౌలుకిచ్చాను” అని మన అన్నలు చెబుతుంటారు. గిరిజనేతరుడికి ఇచ్చిన ఆ కౌలు కూడా చెల్లదు. మూడేళ్లు ముప్పై ఏళ్లయినా చెల్లదు.

అన్నిటికంటే పదునైన మాట ఇంకొకటి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే బరువు ఆ గిరిజనేతరుడిదే. 1879లో కొండవాడు రాలేదు కాబట్టి షావుకారు మాటే నిజం అన్నారు. తొంభై ఒక్క ఏళ్ల తర్వాత చట్టం ఆ తరాజును తిప్పింది. దీని మీద గిరిజనేతరులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. పి. రామిరెడ్డి కేసులో 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణ రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. అంతకు ఏడేళ్ల ముందు, 1981 ఏప్రిల్ 20న, భూమి హక్కుల కోసం ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. ఆ లెక్కను ఆదిలాబాద్‌లో నమ్మే గోండును నేను చూడలేదు. వాళ్ల చావుకు ముందూ వెనకా వన్ ఆఫ్ సెవెంటీ అమల్లోనే ఉంది.

ఈ చట్టం కింద అర్జీ ఎవరు పెట్టాలి? భూమి పోగొట్టుకున్నవాడే పెట్టనక్కర్లేదు. సంబంధం ఉన్న ఎవరైనా పెట్టవచ్చు. ప్రభుత్వ ఉద్యోగి రాతపూర్వకంగా తెలియజేసినా చాలు. అధికారి తనంతట తానే తీసుకోవచ్చు. ఉపాధ్యాయులారా, ఆ రెండో మాట మరోసారి చదవండి. ప్రభుత్వ ఉద్యోగి అంటే మనం కూడా. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను అలాంటి కాగితం ఒక్కటీ రాయలేదు. మా స్టాఫ్‌రూములో పీఆర్సీ గురించి మాట్లాడుకున్నన్ని గంటలు వన్ ఆఫ్ సెవెంటీ గురించి మాట్లాడుకోలేదు.

ఇక తేదీల సంగతి. 1995లో సుప్రీంకోర్టు ఎస్. వెంకటరమణయ్య కేసులో, 1970 సవరణ వెనక్కి వర్తించదని చెప్పింది. ఇద్దరు గిరిజనేతరుల మధ్య 1970 ఫిబ్రవరి 3 కంటే ముందు జరిగిన బదిలీని ఆ సవరణ చూపి కొట్టేయలేరు. తీర్పు వెలువడ్డాక మన ప్రతి కేసులోనూ తేదీయే యుద్ధభూమి అయింది. పాత తేదీ వేసిన సాదా కాగితాలు ఎక్కణ్నుంచో పుట్టుకొచ్చాయి. తెలంగాణలో 1963 డిసెంబరుకు ముందటివని, ఆంధ్రలో 1959కి ముందటివని, లేకపోతే 1970కి ముందటివని. పసుపురంగు కాగితం, టీ నీళ్లలో ముంచినట్టు ఉంటుంది. దాన్ని చూసి మనవాళ్లు “అంత పాత కాగితం ఉంటే మనమేం చేస్తాం” అని లేచి వచ్చేస్తారు.

వకీలు అవసరమయ్యేది ఇక్కడే. స్టాంపు కాగితమైతే అమ్మినవాడి ముద్ర, నంబరు, తేదీ ఉంటాయి, వాటిని రిజిస్టరుతో పోల్చమని అడగవచ్చు. ఆ ఏడాది అడంగల్‌లో, తెలంగాణ అయితే పహాణీలో, సాగు గడిలో ఎవరి పేరు ఉందో నకలు తీయించవచ్చు. శిస్తు ఎవరు కట్టారో చూడవచ్చు. సాక్షి సంతకం చేసినవాడు ఆ తేదీకి ఎనిమిదేళ్ల పిల్లవాడని ఓటరు జాబితాతోనో బడి రిజిస్టరుతోనో చూపించవచ్చు. బడి రిజిస్టరు, చూశారా! అది మన బీరువాలోనే ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, కొందరికి కోపం రావచ్చు. చాలా గ్రామాల్లో పట్టా మన తెగవాడి పేరునే ఉంటుంది, పంట మాత్రం బయటివాడు తీసుకుపోతాడు. పేరు అరువిచ్చినందుకు ఏటా కొంత డబ్బు, పండక్కి బట్టలు. బయటివాడి మీద కేసు వేస్తే “ఇది నా భూమే” అని కోర్టులో వచ్చి చెప్పేది మనవాడే. చట్టానికి ఇంత పెద్ద రంధ్రం షావుకారు ఒక్కడూ చేయలేడు.

ఒక్క ఊరు, ఒక్క సంస్థ, కొందరు వకీళ్లు కలిస్తే ఏమవుతుందో బొర్రా చూపించింది. విశాఖ ఏజెన్సీలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా పంచాయతీ గ్రామాల్లో గనుల లీజులు బయటి కంపెనీలకు ఇచ్చారు. అవి సర్కారు భూములు, సర్కారు ఇష్టం అన్నారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ గ్రామస్తుల పక్షాన హైకోర్టుకు వెళ్లింది. 1995లో అక్కడ ఓడిపోయింది. అక్కడితో ఆగిపోతే మనలో చాలామందికి ఆ కేసు పేరు కూడా తెలిసేది కాదు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు చెప్పినదేమిటంటే, వన్ ఆఫ్ సెవెంటీలో వ్యక్తి అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది. కాబట్టి సర్కారు కూడా షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదు. మూడో న్యాయమూర్తి ఒప్పుకోలేదు. మన భూముల మీద వచ్చిన అన్ని తీర్పుల్లోకి పెద్దది ఒక్క ఓటు తేడాతో నిలబడింది. నాకు ఈ తీర్పులోని న్యాయసూత్రం కంటే, ఓడిన తర్వాత మళ్లీ కాగితాలు కట్టుకుని ఢిల్లీకి వెళ్లిన ఓపికే ఎక్కువ పాఠంగా కనిపిస్తుంది. మన కేసులు ఎక్కువగా చచ్చిపోయేది మొదటి ఓటమి దగ్గర కాదు. మొదటి గెలుపు దగ్గర. గెలిచామని ఇంటికి వచ్చి పడుకుంటాం.

మా పెదనాన్న కేసు అలాగే పోయింది. పంచనామా అయిన తర్వాత అవతలివాళ్లు ఏజెంటు దగ్గర అప్పీలు వేసి స్టే తెచ్చుకున్నారు. నోటీసు ఎవరికి ఇచ్చారో, గోడకు అంటించారో, అసలు ఇచ్చారో లేదో మాకు తెలియదు. వాయిదాలు నడిచాయి. పెదనాన్న తరఫున ఎవరూ హాజరు కాలేదు. అప్పీలు వాళ్ల పక్షాన ఖాయమైంది. నూరేళ్లు దాటాక మళ్లీ అదే ఏకపక్ష తీర్పు. ఈసారి చట్టం మా వైపు ఉండి కూడా. ఆ అప్పీలు తీర్పు కాగితం ఆయన పెట్టెలో లేదు. బహుశా ఆయనకు దాని సంగతే తెలియదు. పంచనామా ఒక్కటే నిజం అనుకుని, ఎప్పటికైనా భూమి వస్తుందని, దాన్ని గుడ్డలో చుట్టుకుని బతికాడు.

ఆయనకు వకీలును పెట్టుకునే డబ్బు లేదని అంటే సరిపోతుందా? సరిపోదు. రాజ్యాంగంలో 39ఎ అధికరణం 1976లో చేరింది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం దూరం కాకూడదని, ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని రాజ్యానికి చెప్పింది. 1987లో న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం చేశారు. అది 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పన్నెండో సెక్షన్‌లో మొట్టమొదటి వరుసలోనే షెడ్యూల్డు కులాలు, తెగల పేరు ఉంది. ఆదాయం ఎంతని అడగరు. తెగ సర్టిఫికెట్ ఉంటే చాలు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఏ కులమైనా ఇదే హక్కు. వకీలు ఫీజే కాదు, కోర్టు రుసుము, నకళ్ల ఖర్చు కూడా సంస్థదే. దరఖాస్తు తెలుగులో రాయవచ్చు, రాయడం రాకపోతే నోటితో చెప్పవచ్చు. జిల్లా జడ్జి అధ్యక్షతన జిల్లా సంస్థ, మండల స్థాయిలో న్యాయసేవల కమిటీ ఉంటాయి. ఫోను నంబరు 15100.

ఒక పొరపాటు అభిప్రాయం చాలామందికి ఉంది, చదువుకున్నవాళ్లకు కూడా. ఉచిత వకీలును మామూలు కోర్టులకే ఇస్తారు, ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు దగ్గర జరిగే మన భూబదలాయింపు కేసులకు ఇవ్వరు అని. నేనూ అలాగే అనుకున్నాను. ఆ చట్టంలో కోర్టు అన్న మాటకు ఇచ్చిన అర్థం చదివితే, సివిలు, క్రిమినలు కోర్టులతో పాటు రెవెన్యూ కోర్టు కూడా ఉంది. న్యాయవిచారణ చేసే ఏ ట్రిబ్యునలైనా, అధికారైనా అందులోకి వస్తారు. ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు వస్తాడు. అప్పీలు వినే ఏజెంటు వస్తాడు. కచేరీ గుమాస్తా “దీనికి ఉచిత వకీలు ఉండదమ్మా” అంటే, ఉంటుందని చెప్పగలిగేవాళ్లు గూడేనికి ఒక్కరున్నా చాలు.

2006లో కోనేరు రంగారావు భూమి కమిటీ నివేదిక ఇచ్చినప్పుడు, ఆ కాలంలోనే ఇందిరా క్రాంతి పథం కింద గ్రామాల నుంచి చదువుకున్న యువతను పారాలీగల్స్‌గా, సర్వేయర్లుగా తయారుచేశారు. వాళ్లు రికార్డులు వెతికి, పేదల కేసులు గుర్తించి, అధికారి ముందుకు తెచ్చారు. మార్లవాయి మళ్లీ వచ్చిందనిపించింది నాకు. పథకాలు మారాయి, వాళ్లలో చాలామంది వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. న్యాయసేవల సంస్థల కింద పారాలీగల్ వలంటీర్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పని కోరి చేరిన మన పిల్లలు మాత్రం తక్కువ.

మా ఇంట్లో ఒకమ్మాయి చేరింది. పెదనాన్న మనుమరాలు, నాకు అన్న కూతురు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాక ఇంట్లో ఉంటుంటే, రేకుపెట్టె తెరిచిన రోజు ఆ పంచనామాను పట్టుకున్నది ఆమే. “బాబాయ్, దీని తర్వాత ఏమైంది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె అప్పీలు తీర్పు నకలు తీయించడానికి కచేరీ చుట్టూ నాలుగు నెలలు తిరిగింది. ఫైలు దొరకలేదన్నారు. సమాచార హక్కు కింద అడిగితే దొరికింది. ఏకపక్షంగా తేలిన సంగతి మాకు అప్పుడు తెలిసింది. వెళ్లి న్యాయసేవల సంస్థలో దరఖాస్తు ఇచ్చింది. వకీలును ఇచ్చారు. వారసుల పేరున, ఆలస్యానికి కారణం చెబుతూ, భూబదలాయింపు రెగ్యులేషన్ ఆరో సెక్షన్ కింద ప్రభుత్వానికి రివిజన్ వేశారు. నోటీసు అందినట్టు రుజువు ఫైలులో లేదని అక్కడ తేలింది. అప్పీలును మళ్లీ మొదటి నుంచి రెండు పక్షాలనూ పిలిచి వినమని వెనక్కి పంపారు.

భూమి ఇంకా రాలేదు. మా వదిన ఆ చేలోకి కూలికి వెళ్లడం మానేసింది. ఆమె మానేస్తే ఇల్లు గడవడం కష్టమని నేను అన్నాను. వదిన నా మాట వినలేదు. అవతలి కుటుంబం పెద్ద కొడుకు ఒకరోజు మా ఇంటికి వచ్చి, మేమూ యాభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాం, మా తాత డబ్బిచ్చే తీసుకున్నాడు, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. అతనూ పొట్టకోసం దున్నేవాడే. నాకు జాలి కలగలేదంటే అబద్ధం. చట్టం ప్రకారం మాట్లాడుకోవడానికి ఏమీ లేదని అమ్మాయి చెప్పింది, మంచినీళ్లిచ్చి పంపింది.

మొన్న భూమి పండగకు ఊరు వెళ్తే వసారాలో చాప వేసుకుని కాగితాలు పరిచి కూర్చుంది. వాళ్ల వకీలు 1962 నాటి సాదా కాగితం ఒకటి పెట్టాడట. అందులో సాక్షిగా సంతకం ఉన్న మనిషి 1962లో మా ఊరి బడిలో మూడో తరగతి చదివేవాడని మా అత్త చెబుతోందట. “బాబాయ్, ఆ కాలం అడ్మిషన్ రిజిస్టరు మీ బళ్లో ఉందేమో చూస్తావా? వచ్చే వాయిదా పద్దెనిమిదో తారీఖు” అంది. సోమవారం బీరువా తాళం తీశాను. పై అరలో చెదలు పట్టిన రిజిస్టర్లు ఆరున్నాయి. నాలుగోది 1958 నుంచి మొదలవుతుంది.